సిర్సీ చెప్పినవి, కెప్టెన్ దాచినవి

బుధవారం – సాన్ ఫెలీచె చిర్చెయో

రోమ్‌కు దక్షిణాన వంద కిలోమీటర్ల దూరంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ ఒకటి ఉంది. పేరు మోంతె చిర్చెయో, ఎత్తు 541 మీటర్లు. దాని వెనకంతా చదును నేల. 1930ల్లో నీళ్లు తోడి ఆరబెట్టిన పొంటైన్ చిత్తడి భూములవి. అందుకే దూరం నుంచి చూస్తే కొండలా కాక దీవిలా కనిపిస్తుంది. గ్రీకు కథల్లో మంత్రగత్తె సిర్సీ ఉండే ఈయియా దీవి ఇదేనని ఈ ఊరి నమ్మకం. ఇది ఒకప్పుడు దీవే అని ప్రాచీన రచయితలు కూడా రాశారు.

మా బావమరిది వ్యాపార నౌకల్లో సెకండ్ ఆఫీసరు. ఒక కాంట్రాక్టు అయిపోయి రెండోది మొదలయ్యే లోపు దొరికిన సెలవుల్లో నాతో వచ్చాడు. నాకు ఒడిస్సీ చెప్పిన గ్రీకు కవి హోమర్ అంటే పిచ్చి, వాడికి సముద్రం ఉద్యోగం. బస్సు దిగాక అడిగాడు: "అసలు దేనికొచ్చాం బావా ఇక్కడికి?"

"ట్రాయ్ యుద్ధం ముగించుకుని ఇంటికి పోతున్న ఒడిస్సియస్ అనే కెప్టెన్‌కి, దారిలో ఎక్కడెక్కడ ఏ ప్రమాదం ఉందో ముందే చెప్పారు. చెప్పినా ఓడ మునిగింది, మనుషులంతా పోయారు. ఎందుకు పోయారో చూద్దామని."

"అయితే ఇది ప్రమాద విచారణ" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

మొదలుపెట్టే ముందు ఒక పాత ఎగతాళి కూడా చెప్పాలి. ఒడిస్సియస్ తిరిగిన చోట్లను మ్యాపులో వెతికేవాళ్లను చూసి ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు, గాలుల సంచి కుట్టిన చర్మకారుడు దొరికిన రోజున ఆ దారి కూడా దొరుకుతుందన్నాడు. భూమి చుట్టుకొలత లెక్కగట్టినవాడు అన్న మాట కాబట్టి కొట్టిపారేయలేం. అయినా ఇటలీ పడమటి తీరం పొడవునా ప్రతి ఊరూ ఆ కథలో ఒక ముక్క తనదంటోంది. ఆ ముక్కలను వరసగా చూసుకుంటూ పోవడమే మా ప్రయాణం.

ట్రాయ్ నుంచి పన్నెండు ఓడలతో బయల్దేరిన ఒడిస్సియస్ సిర్సీ దీవికి చేరేసరికి ఒక్క ఓడ మిగిలింది. లీస్ట్రిగోనియన్లనే రాక్షసుల రేవులో బండరాళ్ల వానకు పదకొండూ పోయాయి. సిర్సీ దగ్గర ఏడాది ఉన్నాడు. ఆమె మాట మీద మృతుల లోకం అంచుకు వెళ్లి, గుడ్డి ప్రవక్త టైరీసియస్‌ను కలిసి మళ్లీ ఇక్కడికే వచ్చాడు. ఇంటి కప్పు మీంచి పడి చనిపోయిన ఎల్పెనార్ అనే కుర్రవాడికి దహనం చేసి, మట్టిదిబ్బ మీద అతని తెడ్డు పాతారు. పొద్దుగూకాక నావికులు ఓడ తాళ్ల పక్కన నిద్రపోయారు. సిర్సీ ఒడిస్సియస్ చెయ్యి పట్టుకుని దూరంగా తీసుకెళ్లి, కూర్చోబెట్టి, ముందున్న దారంతా చెప్పింది.

బావమరిది అక్కడ ఆపాడు. "ఒక్కడికేనా చెప్పింది? మిగతావాళ్లు నిద్రపోతున్నారా?"

"అవును."

"మా దగ్గర ప్యాసేజ్ ప్లాన్ అని ఉంటుంది. ఈ రేవు నుంచి ఆ రేవు దాకా దారి గీసి, ఎక్కడ లోతు తక్కువ, ఎక్కడ ప్రవాహం ఎక్కువ, ఎక్కడ కెప్టెన్‌ని లేపాలి, అన్నీ గుర్తు పెడతాం. బ్రిడ్జి మీద డ్యూటీ చేసే ఆఫీసర్లందరూ చదివి సంతకం పెట్టాలి. తర్వాత నాకు తెలీదు అంటే కుదరదు."

సాయంత్రం కొండ మీది పాత ఊళ్లో తిరిగాం. 1934లో పెట్టిన జాతీయ పార్కు చుట్టూ ఉంది. 1939లో ఇక్కడి గ్వత్తారి గుహలో నియాండర్తల్ పుర్రె బయటపడింది. 2021లో అదే గుహలో మరికొందరి ఎముకలు దొరికాయి. సిర్సీ కంటే చాలా ముందే ఈ కొండ మనుషుల్ని మింగిందన్నమాట. ఆ ఎముకల మీద హైనాల పంటి గాట్లున్నాయట.

గురువారం – స్పెర్లోంగా

తీరం వెంట ఇంకాస్త దక్షిణానికి వస్తే స్పెర్లోంగా. రోమన్ చక్రవర్తి టైబీరియస్ విహారగృహం ఇక్కడి ఇసుక ఒడ్డునే ఉండేది. దానికి ఆనుకుని సముద్రం వైపు నోరు తెరిచిన పెద్ద గుహ. గుహలో నీటి కొలను, కొలను ముందు భోజనాల వేదిక. క్రీ.శ. 26లో చక్రవర్తి ఇక్కడ విందులో ఉండగా గుహ పైకప్పు రాళ్లు రాలి కొందరు సేవకులు చచ్చిపోయారు. సెజానస్ అనే సేనాధిపతి ఆయన మీదికి వంగి అడ్డుగా నిలిచి కాపాడాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

1957లో రోడ్డు వేస్తుంటే గుహలోంచి పాలరాతి ముక్కలు వేలకొద్దీ బయటపడ్డాయి. అతికి చూస్తే పెద్ద శిల్పాలన్నీ ఒడిస్సియస్ కథలే. ఒంటికన్ను రాక్షసుడు పోలిఫీమస్ కంట్లో దుంగ గుచ్చడం ఒకటి. కొలను మధ్యలో నిలబెట్టినది సిల్లా అనే సముద్ర రాక్షసి ఓడ మీద పడటం. ఆ శిల్పం మీద అథనడోరస్, హగెసాండర్, పోలిడోరస్ అని ముగ్గురు రోడ్స్ దీవి శిల్పుల పేర్లు చెక్కి ఉన్నాయి. మ్యూజియం గుహ పక్కనే, నడిచి వెళ్లేంత దూరం.

సిల్లా శిల్పం ముందు చాలాసేపు నిలబడిపోయాం. హోమర్ చెప్పిన సిల్లా వేరు: పన్నెండు కాళ్లు, ఆరు పొడుగు మెడలు, ఒక్కో తలలో మూడు వరసల పళ్లు, గొంతు మాత్రం అప్పుడే పుట్టిన కుక్కపిల్లది. శిల్పులు ఆమెకు నడుము పైన ఆడదాని శరీరం ఇచ్చి, నడుము నుంచి కుక్క తలలు పుట్టించారు. ఒక పెద్ద చెయ్యి చుక్కాని పట్టేవాడి తలను పుచ్చకాయలా పట్టుకుంది. వాడు ఓడ వెనక కొయ్యను వదలకుండా వేలాడుతున్నాడు. కథలో చుక్కాని పట్టేవాణ్ని సిల్లా ముట్టుకోదు. పోయినవాళ్లు ఆరుగురు, చేతిలోనూ బలంలోనూ మేటివాళ్లని హోమర్ అంటాడు. చుక్కానివాడు తర్వాత తుఫానులో తెరచాప కొయ్య విరిగి తల మీద పడి పోతాడు. ఆ మార్పు శిల్పులు కావాలనే చేశారనుకుంటాను. చుక్కాని పోతే ఓడంతా పోయినట్టే కదా, చూసేవాడికి భయం ఎక్కువ.

ఇక్కడ సిర్సీ మాటల్లో అసలైన ముక్క బావమరిదికి చెప్పాను. రెండు కొండల మధ్య దారిలో ఒక పక్క సిల్లా, ఇంకో పక్క రోజుకు మూడుసార్లు సముద్రాన్ని మింగి కక్కే కెరిబ్డిస్. సిల్లా కొండనే ఒరుసుకుంటూ పో, అందరూ పోవడం కంటే ఆరుగురు పోవడం మేలు అంటుంది సిర్సీ. కెరిబ్డిస్‌ను తప్పించుకుని సిల్లాతో పోట్లాడలేనా అని ఒడిస్సియస్ అడుగుతాడు. ఆమె కసురుకుంటుంది: మొండివాడా, ఎప్పుడూ యుద్ధమేనా, దేవతలకు కూడా తలొగ్గవా? అది చావు లేనిది. ఆయుధాలు తొడుక్కుంటూ అక్కడే ఆగావా, మళ్లీ ఆరు తలలూ దిగుతాయి. పారిపోవడమే మంచిది.

"అంటే ఆరుగురి ప్రాణాలు లెక్కలో ముందే రాసిపెట్టుకుని బయల్దేరాడు" అన్నాడు వాడు.

"వాళ్లెవరో తెలీదు. అంతే."

శుక్రవారం – పొసితానో, నేపుల్స్

పొద్దున్న పొసితానో నుంచి పడవలో లి గల్లి దీవుల చుట్టూ తిరిగాం. మూడు చిన్న రాతి దీవులు. ప్రాచీనులు వీటిని సైరెనుసై అన్నారు, పాటతో నావికులను లాగి చంపే సైరెన్‌లు ఉండే చోటని. ఇరవయ్యో శతాబ్దంలో లియోనిడ్ మస్సీన్, ఆయన తర్వాత రుడాల్ఫ్ నూరియేవ్, ఇద్దరూ పేరుమోసిన బాలే కళాకారులే, ఈ దీవులను కొనుక్కున్నారు. ఇప్పటికీ ప్రైవేటు ఆస్తే, దిగనివ్వరు. హోమర్ చెప్పిన పచ్చిక బయలూ లేదు, దాని మీద కుళ్లిన చర్మాలతో ఎముకల గుట్టలూ లేవు. పడవ కుర్రాడు పెట్టిన పాట మాత్రం నిజంగానే దూకి పారిపోవాలనిపించేలా ఉంది.

సముద్రం నూనె పోసినట్టుంది. బావమరిది గాలి వైపు చూసి, "కథలో ఇక్కడ గాలి ఎలా ఉంది?" అన్నాడు. పడిపోయిందని చెప్పాను. దీవి దగ్గరపడగానే ఏ దేవతో అలలను నిద్రపుచ్చింది, తెరచాప చుట్టేసి తెడ్లు పట్టారు. "మరి ఒడ్డు పక్కన గాలి చచ్చిపోతే తెరచాప ఓడకు అంతకంటే ప్రమాదం లేదు. ప్రవాహం ఎటు లాగితే అటే. పాట లేకపోయినా భయమే."

విచారణకు పనికొచ్చే మొదటి సాక్ష్యం ఇక్కడుంది. బయల్దేరిన రోజు పొద్దున్న ఒడిస్సియస్ నావికులతో, సిర్సీ చెప్పిన సంగతులు ఒకరికో ఇద్దరికో తెలిసి ఉంటే సరిపోదు, అందరికీ చెబుతాను, తెలిసే చద్దాం లేదా తెలిసే బతుకుదాం అంటాడు. చదువుతుంటే ఎంత మంచి కెప్టెనో అనిపిస్తుంది. తీరా చెప్పింది సైరెన్‌ల గురించి ఒక్కటే. అందులోనూ మాట మార్చాడు. నీకు వినాలనిపిస్తే కట్టించుకుని విను అని సిర్సీ అంది. ఇతను నావికులకు, నన్నొక్కణ్నే వినమంది అని చెప్పాడు. సరదా కాస్తా ఆజ్ఞ అయిపోయింది!

మైనం ముద్దను కత్తితో కోసి, ఎండలో పిసికి, అందరి చెవుల్లో పెట్టాడు. అతన్ని తెరచాప కొయ్యకు కట్టారు. సైరెన్‌లు పాడింది ప్రేమ పాటలు కాదు. ట్రాయ్‌లో ఏం జరిగిందో మాకు తెలుసు, భూమ్మీద జరిగేదంతా తెలుసు, వచ్చి తెలుసుకుని పో అన్నారు. ఆయన బలహీనత వాళ్లకు బాగా తెలుసు. విప్పమని కనుబొమలతో సైగ చేస్తే పెరిమీడీస్, యురిలోకస్ అనే నావికులు లేచి ఇంకో రెండు చుట్లు బిగించారు. ముందే చెప్పిన ప్రమాదం, ముందే చెప్పిన ఉపాయం, మాట విన్న సిబ్బంది. ఈ దారి మొత్తంలో ఎవరూ చావని ఘట్టం ఇదొక్కటే.

నేపుల్స్‌లో కొన్ని గంటలే ఉన్నాం. ఒడిస్సియస్ తప్పించుకున్నాడన్న అవమానంతో చచ్చిపోయిన పార్తెనోపి అనే సైరెన్ శవం ఇక్కడి ఒడ్డుకు కొట్టుకొచ్చిందని పాత కథ. ఆమె సమాధి చుట్టూనే ఊరు పుట్టిందంటారు. నేపుల్స్ వాళ్లను ఈనాటికీ పార్తెనొపేయి అని పిలుస్తారు. చంపే సైరెన్ పేరు ఊరికి పెట్టుకోవడంలో ఈ ఊరి తత్వం కొంత ఉంది, ఎదురుగా వెసూవియస్‌ను పెట్టుకుని పిజ్జా కాల్చుకునేవాళ్లు మరి.

సాయంత్రం స్ట్రోంబొలికి రాత్రి ఓడ ఎక్కాం.

శనివారం – స్ట్రోంబొలి

తెల్లవారకముందే బావమరిది తట్టి లేపాడు. డెక్ మీదికి వెళ్తే చీకట్లో నల్లటి త్రిభుజం, దాని కొసన ఎర్రటి వెలుగు ఒకసారి ఎగిసి ఆరిపోయింది. కొంతసేపటికి మళ్లీ. వేల ఏళ్లుగా స్ట్రోంబొలి ఇలాగే, పదిహేను ఇరవై నిమిషాలకోసారి నిప్పు కక్కుతోంది. మధ్యధరా దీపస్తంభం అని దీనికి పేరు. దగ్గరికి రావొద్దని చెప్పే దీపం, దారి చూపే దీపం, రెండూ ఇదే.

సిర్సీ చెప్పిన రెండు దారుల్లో ఒకటి సిల్లా, కెరిబ్డిస్‌ల మధ్యది, రెండోది ప్లాంక్టయి, తిరుగాడే బండలు. వాటి మధ్య పొగ, నిప్పుల తుఫాను. దేవతల రాజు జియస్‌కు అమృతం మోసే పావురాల్లో కూడా ప్రతిసారీ ఒకటి అక్కడ పోతుంది. ఆ దారిన బయటపడింది జేసన్ అనే వీరుడు ఎక్కిన ఆర్గో ఓడ ఒక్కటే, అదీ హీరా దేవి చలవ. నిప్పు, పొగ ఉన్నాయి కాబట్టి ప్లాంక్టయిని ఈ లిపారి దీవుల దగ్గర పెట్టినవాళ్లు ప్రాచీనుల్లోనే ఉన్నారు. ఏ దారి ఎంచుకోవాలో సిర్సీ చెప్పలేదు, అది నువ్వే మనసులో తేల్చుకో అంది. ఈ మాట చాలామంది గమనించరు. హెచ్చరించినామె కూడా బాధ్యత తన మీద వేసుకోలేదు.

స్ట్రోంబొలి ఎత్తు 924 మీటర్లు. కొన దాకా ఎక్కనివ్వరు. 2019 జులైలో ఒక్కసారిగా పెద్ద పేలుడు జరిగి కొండ మీద నడుస్తున్న ఒకాయన చనిపోయాక కట్టుదిట్టం చేశారు. గైడ్ లేకుండా అయితే 290 మీటర్ల దగ్గరే ఆగాలి. 2002 డిసెంబరు 30న కొండ వాలు విరిగి సముద్రంలో పడి సునామీ వచ్చింది. అప్పట్నుంచి కొలిచే పరికరాలు, ఊళ్లో మోగే హెచ్చరిక భోంగాలు వచ్చాయి. సునామీ వస్తే ఎటు పరుగెత్తాలో బాణం గుర్తుల బోర్డులు సందుసందునా ఉన్నాయి. బావమరిది ప్రతి బోర్డునూ చదివాడు. నేను కాఫీ తాగాను. చదవాల్సింది వాడి ఉద్యోగం అనుకున్నాను కానీ, ఆ వీధిలో నాలా కాఫీ తాగేవాళ్లే ఎక్కువ.

గాలుల దేవుడు ఇయోలస్ ఉన్నదీ ఈ దీవుల్లోనే అంటారు, ఇయోలియన్ దీవులన్న పేరు అందుకే. ఆ కథ సిర్సీకి ముందు జరిగింది, కానీ విచారణలో దాన్ని వదిలేయలేం. ఎదురుగాలులన్నిటినీ ఎద్దు చర్మం సంచిలో బిగించి ఇయోలస్ ఒడిస్సియస్‌కు ఇచ్చాడు. తొమ్మిది రోజులు నడిపి పదో రోజున తమ సొంత దీవి ఇథాకా పొలాల్లో మంటలు కనపడేంత దగ్గరికొచ్చారు. అప్పుడు ఒడిస్సియస్ నిద్రపోయాడు. సంచిలో బంగారం, వెండి ఉన్నాయనుకుని నావికులు ముడి విప్పారు. గాలులన్నీ బయటపడి ఓడలను వెనక్కి తోశాయి.

"సంచిలో ఏముందో చెప్పలేదా?"

"చెప్పినట్టు ఎక్కడా లేదు."

"తొమ్మిది రోజులూ తెరచాప తాడు ఎవరికీ ఇవ్వలేదా?"

"ఇవ్వలేదు. తనే పట్టుకున్నాడు."

"బావా, మా దగ్గర విశ్రాంతి గంటలకు రిజిస్టరు ఉంటుంది. తొమ్మిది రోజులు నిద్రపోకుండా నడిపాను అని ఎవడైనా గొప్పగా చెబితే ముందు వాడి లైసెన్సు లాక్కుంటారు."

ఆదివారం – మిలాజ్జో మీదుగా

రోజంతా ప్రయాణమే. లిపారి, వుల్కానో రేవుల్లో ఆగుతూ మిలాజ్జో, అక్కణ్నుంచి బస్సులో మెస్సీనా, జలసంధి దాటి విల్లా సాన్ జొవాన్ని. దాటడానికి ఇరవై నిమిషాలు. ఇక్కడ రైళ్లను కూడా పెట్టెలు విడదీసి ఓడలోకి ఎక్కిస్తారు. బావమరిది ఫోన్ నిండా ఆ వీడియోలే. నాకు తలనొప్పి, గంధకం వాసన ఇంకా ముక్కులోనే ఉంది.

సోమవారం – షిల్లా

రైలు దిగితే షిల్లా. రాక్షసి పేరే ఊరి పేరు, ఇటాలియన్ పలుకుబడిలో. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాయి మీద రుఫ్ఫో కోట. దానికి ఒక పక్క మరీనా గ్రాందె బీచి, ఇంకో పక్క కియనలేయా అనే బెస్తవాడ, గోడలకు అలలు తగిలే ఇళ్లు. సిల్లా ఉన్నది ఈ రాయి కిందే అంటారు. హోమర్ కొండకు శిఖరం ఆకాశంలో ఉంది. చెక్కినట్టు నున్నగా ఉంటుంది, ఎవరూ ఎక్కలేరు. ఈ రాయి మీదికి మేం ఐస్‌క్రీమ్ తింటూ ఎక్కాం.

ఎత్తు సంగతి ఎలా ఉన్నా, కోట మీంచి కింద నీళ్లలో కనిపించిన పడవలు చూశాక హోమర్ మీద నమ్మకం పెరిగింది. ఇరవై మీటర్లకు మించిన ఇనుప స్తంభం పడవ మధ్యలో, దాని కొసన ఒక మనిషి. ముందుకు అంతకంటే పొడవైన వంతెనలాంటి కడ్డీ, దాని కొసన బల్లెంతో ఇంకో మనిషి. మూతి కత్తిలా పొడుచుకొచ్చే పెష్షె స్పాదా అనే చేప కోసం ఇదంతా. "మన కొమ్ముకోనాంలా ఉంటుందా?" అంటే "దగ్గర పోలికే" అన్నాడు బావమరిది. స్తంభం మీదివాడు చేపను చూసి, అక్కణ్నుంచే పడవను తిప్పుతాడు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ ఇదే చోట ఈ వేట గురించే చెప్పాడు, కాపలావాడు పైనుంచి చూసి చెబితే చిన్న పడవల్లో ఇద్దరిద్దరు పొడిచేవారని. హోమర్‌లో సిల్లా తిండి కూడా సొరచేపలు, డాల్ఫిన్లు. ఆమె ఓడలోంచి మనుషుల్ని లాగిన తీరుకు ఆయన ఇచ్చిన పోలిక, రాతి మీంచి పొడుగు గాలంతో చేపను విసిరేసే జాలరి. ఈ ఒడ్డున కూర్చుంటే ఆ పోలిక ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు ఘట్టం. సైరెన్‌లు దాటగానే దూరంగా పొగ, హోరు. భయంతో నావికుల చేతుల్లోంచి తెడ్లు జారిపోయాయి. ఒడిస్సియస్ ఓడంతా తిరుగుతూ ధైర్యం చెప్పాడు. చుక్కానివాడితో, ఆ పొగకూ సుడికీ దూరంగా ఉంచు, కొండనే పట్టుకుని పో అన్నాడు. ఆ కొండలో ఏముందో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తనే ఒప్పుకుంటాడు: చెబితే భయపడి తెడ్లు వదిలేసి ఓడ అడుగున ముడుచుకుంటారని. సిర్సీ వద్దన్న పనే చేశాడు, కవచం తొడుక్కుని రెండు బల్లేలతో ముందుకొచ్చి నిలబడ్డాడు. అందరి కళ్లూ కెరిబ్డిస్ మీదున్నాయి. ఆ క్షణంలో పైనుంచి ఆరుగురిని ఎత్తుకుపోయింది. గాలిలో కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ వాళ్లు అతని పేరు పెట్టి పిలిచారు, అదే చివరిసారి. సముద్రంలో తను చూసిన వాటన్నిటిలో ఇంత దీనమైనది లేదంటాడు.

సుందరకాండ వింటూ పెరిగినవాళ్లకు ఇక్కడ సింహిక గుర్తురాక మానదు. నీడ పట్టి లాగే ఆ ప్రాణి గురించి సుగ్రీవుడు హనుమంతుడికి ముందే చెప్పాడు. పట్టు తగలగానే ఆయనకు ఆ మాట గుర్తొచ్చింది, చిన్నవాడై నోట్లో దూరి మర్మాలు చీల్చి బయటికొచ్చాడు. ముందు మాట అక్కడ గెలుపుకు పనికొచ్చింది. ఒడిస్సియస్‌కు దొరికిన ముందు మాట ఎంతమంది పోతారో చెప్పే లెక్క మాత్రమే. పైగా హనుమంతుడు ఒంటరిగా వెళ్లాడు, ఎవరికీ ఏదీ దాచాల్సిన పని పడలేదు.

బీచి మీద భోజనం చేస్తుంటే బావమరిది తీర్పు చెప్పేశాడు: "దాచడం తప్పు. ఆరుగురికి కనీసం తల పైకెత్తి చూసే అవకాశం ఇవ్వాల్సింది." నేను ఒప్పుకోలేదు. తల పైకెత్తితే తెడ్లు ఆగుతాయి, తెడ్లు ఆగితే రెండో విడత ఆరుగురు. వాడు చేప ముల్లు తీసుకుంటూ, "అది నువ్వు కెప్టెన్ అనుకుంటున్నావు కాబట్టి. తెడ్డు పట్టుకున్నావనుకో" అన్నాడు.

ఆ బీచికి ఇంకో చరిత్ర ఉంది. 1783 ఫిబ్రవరి 5న ఈ ఊరున్న కలాబ్రియా ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపింది. షిల్లా జనం ఇళ్లు కూలతాయని భయపడి ఇదే మరీనా గ్రాందె ఇసుకలోకి దిగారు. పడవలు లాక్కొచ్చి వాటిలో పడుకున్నారు. ఊరి ప్రభువు, ముసలాయన, ఆయనా వాళ్లతోనే ఉన్నాడు. ఆ రాత్రి పక్కనున్న మోంతె పాచీ కొండ చరియ విరిగి సముద్రంలో పడింది. లేచిన అల బీచిని ఊడ్చేసింది. సుమారు పదిహేను వందల మంది పోయారు, ప్రభువు కూడా. వాళ్లందరి కళ్లూ వెనకనున్న ఇళ్ల మీదే ఉండి ఉంటాయి. ఈ సంగతి విన్నాక బావమరిది లేచి వెళ్లి ఆ కొండ వైపు చాలాసేపు చూశాడు. ఇప్పుడక్కడ పిల్లలు బంతాట ఆడుతున్నారు.

మంగళవారం – టోరె ఫారో

మళ్లీ జలసంధి దాటి, మెస్సీనా నుంచి బస్సులో సిసిలీ ఈశాన్యపు కొసకు. ఇక్కడ 232 మీటర్ల ఎత్తున్న పాత కరెంటు స్తంభం ఒకటి నిలబడి ఉంది, తీగలు ఎప్పుడో తీసేశారు. ఎదురుగా కలాబ్రియా, ఇరుకైన చోట మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఒకే దూకుగా 3,300 మీటర్ల వంతెన కట్టాలని ఎన్నో ఏళ్లుగా ప్లాన్లు వేస్తున్నారు, దానికి ఎదురు పోస్టర్లు గోడల నిండా. షిల్లా రాయి ఇక్కడి నుంచి అయిదు కిలోమీటర్లకు పైనే. హోమర్‌లో రెంటి మధ్యా బాణం వేటు దూరం. క్రీ.పూ. అయిదో శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ ఈ జలసంధిని చూపించి, ఒడిస్సియస్ దాటినట్టు చెప్పే కెరిబ్డిస్ ఇదేనన్నాడు. రెండు పెద్ద సముద్రాల నీళ్లు ఇరుకులో పడటం వల్లే ఇది ప్రమాదకరమని పేరుపడిందని కూడా అన్నాడు. రాక్షసిని పక్కన పెట్టి కారణం చెప్పడం ఆయనకు అలవాటు.

కారణం ఆయన చెప్పినదానికి దగ్గరే. ఉత్తరాన టిరేనియన్, దక్షిణాన అయోనియన్. రెండింటిలోనూ ఆటుపోట్లు చిన్నవే, కానీ ఒకదాంట్లో పోటున్నప్పుడు రెండోదాంట్లో ఆటు. మధ్యలో నీటి అడుగున మెట్టు, దాని మీద లోతు ఎనభై మీటర్ల దరిదాపు. ఇటు కాసేపు వాలు, అటు కాసేపు వాలు, సుమారు ఆరేసి గంటలకు ప్రవాహం తిరగబడుతుంది. ఉత్తరానికి పోయేది మొంతాంతె, దక్షిణానికి పోయేది షెందెంతె. అయోనియన్ నీళ్లు బరువెక్కువ కాబట్టి రెండు నీళ్లు కలిసిన చోట సుడులు లేస్తాయి. లోతుల్లోని వింత చేపలు కొన్నిసార్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి.

బావమరిది చేతిలో ప్రవాహాల పట్టిక ఉంది. ఆ రోజు తిరిగే వేళ ముందే చూసి పెట్టుకున్నాడు. ఒడ్డున కూర్చుని ఎదురుచూశాం. అనుకున్న వేళకు కాస్త అటూఇటూగా నీళ్ల మీద నున్నటి మచ్చలు లేచాయి, పక్కనే చిన్న అలలు ఎటూ పోకుండా ఉడికినట్టు ఎగిరాయి. ఒక జాలరి పడవ ఇంజను ఆపి, ఆ అంచు మీదే తేలుతూ గాలం వేసింది. ఓడను మింగే సుడి కాదు. కానీ తెడ్ల ఓడకు ఇది చాలు, అన్నాడు. ఇప్పుడు ఇక్కడ రాకపోకలను రాడార్‌తో చూస్తూ ఓడలను వరసల్లో నడిపిస్తారు, పెద్ద ఓడలకు దారి చూపే పైలట్ తప్పనిసరి.

నేను ఎదురుచూసిన వాదన ఇక్కడ బయటపెట్టాను. సిల్లా దాటాక అదే సాయంత్రం థ్రినాకియా దీవి, సూర్యదేవుడు హీలియోస్ పశువులు మేసే చోటు. ఏడు ఆవుల మందలు, ఏడు గొర్రెల మందలు, మందకు యాభై. పుట్టవు, చావవు. ఆ థ్రినాకియా ఇదే సిసిలీ అని ప్రాచీనుల మాట. వాటిని ముట్టుకుంటే ఓడా మనుషులూ నాశనమని టైరీసియస్ చెప్పాడు, సిర్సీ చెప్పింది. ఈసారి ఒడిస్సియస్ ఏదీ దాచలేదు. ఇద్దరి మాటా చెప్పి, దీవిలో దిగనే వద్దన్నాడు. నువ్వు ఇనుముతో చేసినవాడివి, మేం కాదు, చీకట్లో సముద్రం మీద చావమంటావా అన్నాడు యురిలోకస్. సరేనని అందరిచేతా ఒట్టు వేయించాడు. తర్వాత నెల రోజులు ఎదురుగాలి. సిర్సీ ఇచ్చిన తిండి అయిపోయింది. చేపలు, పిట్టలు ఏవి దొరికితే అవి. ఒడిస్సియస్ ప్రార్థనకని వెళ్లి, మళ్లీ నిద్రపోయాడు. అన్ని చావుల్లోకీ ఆకలి చావు నీచం అన్నాడు యురిలోకస్, పశువులను కోశారు. ఒలిచిన తోళ్లు పాకాయి, ఊచల మీద మాంసం అంబా అని అరిచింది. ఆరు రోజులు తిన్నారు. ఏడో రోజు బయల్దేరితే జియస్ పిడుగు.

"చెప్పనప్పుడు ఆరుగురే పోయారు" అన్నాను. "అన్నీ చెప్పి, ఒట్టు కూడా వేయించినప్పుడు అందరూ పోయారు. ఇప్పుడు చెప్పు."

వాడు వెంటనే ఒప్పుకోలేదు. సంచి దగ్గర దాచాడు, సైరెన్‌ల దగ్గర మాట మార్చాడు, సిల్లా దగ్గర మళ్లీ దాచాడు, ఆ ఆరుగురూ ఎలా పోయారో మిగతావాళ్లు కళ్లారా చూశారు, ఇంక నాలుగోసారి నిజం చెబితే ఎవడు నమ్ముతాడు అన్నాడు. మందలు అతను తర్వాత తీసుకుపోవడానికే అనుకుని ఉండొచ్చు కదా అని కూడా అన్నాడు. అంత దాకా పోనక్కర్లేదు, ఆకలి చాలు అన్నాను. నమ్మకం ఉంటే ఆకలిని ఇంకో వారం ఓర్చుకుంటారు అన్నాడు. ఓడల్లో పనిచేసినవాడి మాట, నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు వాడికి ఇంకో అనుమానం వచ్చింది. "ఒడిస్సియస్ నిద్రలో ఉంటే ఒడ్డున వీళ్లు మాట్లాడుకున్నవి ఎవరు చెప్పారు? ఆకాశంలో హీలియోస్ జియస్‌కు ఫిర్యాదు చేయడం ఎవరు విన్నారు?"

హీలియోస్ సంగతి కాలిప్సో అనే అప్సర చెప్పిందనీ, ఆమెకు దేవతల దూత హెర్మీస్ చెప్పాడనీ ఒడిస్సియసే అంటాడు. ఈ కథలన్నీ ఆల్కినోస్ రాజు ఇంట్లో భోజనాల తర్వాత అతను చెప్పుకున్నవి. తోటివాళ్లలో ఒక్కడూ బతికి లేడు.

"ఒక్కడే సాక్షి. వాడే కెప్టెన్" అన్నాడు బావమరిది, చాలా తృప్తిగా.

ఆ మాట మీదే అంజూరపు చెట్టు ఘట్టం గుర్తొచ్చింది. ఓడ ముక్కలైపోయాక అడుగు దూలాన్నీ తెరచాప కొయ్యనూ తోలు తాడుతో కట్టుకుని తేలుతున్న ఒడిస్సియస్‌ను గాలి సూర్యోదయం వేళకు మళ్లీ కెరిబ్డిస్ దగ్గరికే తెచ్చింది. సుడి కొయ్యలను మింగింది. పైనున్న అంజూరపు చెట్టును పట్టుకుని గబ్బిలంలా వేలాడాడు. కాలు పెట్టడానికి చోటు లేదు. పగలంతా తగవులు తీర్చిన న్యాయాధికారి సాయంత్రం భోజనానికి లేచే వేళకు కొయ్యలు తిరిగొచ్చాయి, చేతులు వదిలి వాటి మీద పడ్డాడు.

బావమరిది పట్టిక తీసి చూశాడు. రోజుకు మూడుసార్లన్న హోమర్ లెక్కను పొలీబియస్ కాలంలోనే తప్పుపట్టారని, రెండు అనాల్సిందని నేను అందించాను. వాడు వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంటే పన్నెండు గంటలు. ప్రవాహం ఆరు గంటలకే తిరుగుతుంది. మధ్యాహ్నానికే కొయ్యలు బయటికి రావాలి బావా. మిగతా ఆరు గంటలూ ఆ చెట్టుకు ఎందుకు వేలాడినట్టు?"

"ఎక్కువ చెప్పి ఉంటాడు" అన్నాను. "భోజనాల దగ్గర కదా."